పగలు దిగే నీళ్లు

లైబ్రరీ తలుపులు తీసేదాకా మెట్ల మీద కూర్చుని పేపర్ల కోసం ఎదురుచూసే మా అందరికీ ఆవిడ మోటారమ్మ. అసలు పేరు జీతం పట్టీలో ఉంటుంది. ఒకసారి కొత్తగా వచ్చిన గుమాస్తా ఆ పేరుతో పిలిస్తే, తన వెనక ఎవరో నిలబడ్డారనుకుని ఆవిడే తిరిగి చూసిందట.

ఏడు చెట్ల ప్రాణం ఆవిడ చేతిలోకి ఎలా వచ్చిందో తెలుసుకోవడానికి నాకు రెండు వేసవులు పట్టింది. అడిగితే మొదట్లో ఒక్క ముక్కలో తేల్చేసేది. "కొట్టేస్తామన్నారు, కొట్టనివ్వలేదు, అంతే" అనేది. ఒక్కసారిగా చెప్పే మనిషి కాదు మరి. మోటారు వేసి, అది నీళ్లు అందుకునేదాకా పక్కనే నిలబడి, అప్పుడొచ్చి మెట్టు మీద కూర్చుని నాలుగు మాటలు చెప్పేది. ఇంతలో చెవి అటు పడేసి, "మోటారు గాలి లాగుతోంది" అని లేచిపోయేది. మిగతాది మర్నాడు.

ఆ లైబ్రరీని పల్లంలో కట్టారు. పై రెండంతస్తులూ చదువుకునేవాళ్లవి. కింద సెల్లార్‌లో పాత పుస్తకాలు, ఏళ్లవారీగా బైండు చేసిన పేపర్లు, ఎనభై ఇనప బీరువాలు. సెల్లార్‌కి ఒక మూల ఇటుకలతో కట్టిన గుంట ఉంది, ఒక నులక మంచం పట్టేంత. నేలలోంచి ఊరే నీరంతా సన్న కాలవల్లోంచి ఆ గుంటలోకి చేరుతుంది. గుంటకి అడుగునుంచి పన్నెండు వరసల ఇటుకలు. పన్నెండోది దాటితే నీళ్లు గచ్చు మీదికొస్తాయి, గచ్చు మీదినుంచి బీరువాల కాళ్లకి, అక్కణ్నుంచి పుస్తకాలకి. అలా కాకుండా చూడటానికే గుంట పక్కన మోటారు. ఆ గోడకి అవతల, పెరట్లో, వరసగా ఏడు జామాయిల్ చెట్లు. రెండంతస్తులూ దాటి పైకి పోయినవి. ఏడాది పొడుగునా బెరడు పేలికలు పేలికలుగా రాలుస్తాయి, ఆకు రాలుస్తాయి, డాబా మీది నీళ్ల గొట్టాలకి అడ్డం పడతాయి. వాటిని ఇష్టపడే మనిషి ఆ ఆఫీసులో ఒక్కరూ లేని రోజులు నేను చూశాను.

ఆవిడ చేరింది ఊడవడానికి. మోటారు పని ఎలక్ట్రీషియన్‌ది. ఆ మోటారు ముసలిది. స్విచ్ వేస్తే హుషారుగా తిరుగుతుంది, నీళ్లు మాత్రం ఎక్కించదు. ముందు దాని నోట్లో చెంబుతో నీళ్లు పోయాలి, పైపులో గాలంతా బుడగలుగా బయటికొచ్చేదాకా ఓపిగ్గా పోస్తూనే ఉండాలి. ఎలక్ట్రీషియన్‌కి అంత ఓపిక లేదు. రెండు చెంబులు పోసి, స్విచ్ వేసి, తిట్టి, మళ్లీ రెండు చెంబులు పోసేవాడు. ఒకరోజు ఆవిడ చీపురు గోడకానించి, చెంబు అందుకుని, పదకొండు చెంబులు పోసింది. పన్నెండోది పొంగి బయటికొచ్చింది. "ఇప్పుడెయ్యి బాబూ" అంది. నీళ్లు ఎక్కాయి. వారం తిరక్కుండా మోటారు పని ఆవిడకి అంటగట్టారు. పగలు ఆవిడ, రాత్రి వాచ్‌మన్. ఒక్కొక్కరు అరగంట చొప్పున వేయాలి.

గొడవ అక్కడే మొదలైంది.

సాయంత్రం ఆవిడ ఇంటికెళ్లేటప్పుడు నీళ్లు ఆరో ఇటుక దగ్గరుండేవి. పొద్దున వచ్చేసరికి ఎనిమిదో ఇటుక మీద. రోజూ అంతే. ఆవిడ పగలంతా కష్టపడి దించిన నీళ్లు రాత్రి వాచ్‌మన్ చేతుల్లో మళ్లీ ఎక్కి కూర్చునేవి. వాచ్‌మన్ పెద్ద మీసాల మనిషి, ఆవిడకన్నా పదేళ్లు పెద్ద. ఆవిడ ఆయన్ని అన్నా అనే పిలిచేది, అన్నా అంటూనే కడిగేసేది.

"అన్నా, రాత్రి మోటారు వేశావా, వేసినట్టు కలగన్నావా?"

"వేశానమ్మా. గడియారం చూసుకుని మరీ అరగంట వేశాను."

"మరి నీళ్లు ఎనిమిదో ఇటుక మీద కూర్చున్నాయేం?"

"వాటినే అడుగు. కూర్చోమని నేను చెప్పలేదు."

ఆయనకి ఆవిడ మీద వేరే అనుమానం. ఈవిడ పగలు గంటన్నర మోటారు నడిపి, అరగంటే నడిపానని చెప్పి, పని రానివాడని తన పేరు చెడగొడుతోందని. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. పొద్దున పని అప్పగించేటప్పుడు ఇద్దరి ఎదుటా ఆయన ఎర్ర సుద్దతో గుంట గోడ మీద నీటి మట్టం గీయాలి. సాయంత్రం ఆవిడ తెల్ల సుద్దతో గీయాలి. సుద్దముక్కలు పిల్లల విభాగంలో నల్లబల్ల దగ్గర దొరికేవి. అలా నాలుగేళ్లు గీశారు. నాలుగేళ్లూ ఎర్ర గీత పైన, తెల్ల గీత కింద. నాలుగేళ్లూ ఆవిడ గెలుస్తూనే ఉంది.

ఇంటి దగ్గర కూడా ఇదే ముచ్చట. ఆవిడ భర్త దర్జీ. వీధి వైపు గదిలో మిషను, లోపలి గదిలో సంసారం. భార్య గడప దాటి లోపలికి రాగానే ఆయన కుట్టు ఆపకుండానే ముందు గుంట క్షేమం అడిగేవాడు, తర్వాతే ఆవిడ క్షేమం. "మీ ఇద్దరి గొడవలో ఆ నీళ్లే నయం, నోరెత్తవు" అనేవాడు.

ఐదో ఏడు, ఎండలు ముదిరిన రోజుల్లో, మోటారు కాలిపోయింది. వైండింగ్ మార్పించడానికి పట్టుకుపోయారు. తొమ్మిది రోజులు రాలేదు. మొదటి రెండు రోజులూ ఆవిడకి అన్నం సయించలేదు. నీళ్లు తొమ్మిదో ఇటుక దాటాయి, పదోది తాకాయి. కింది అరల్లో పుస్తకాలన్నీ పై అరల్లోకి ఎక్కించింది. మూడో రోజుకి నీళ్లు అక్కడే ఆగాయి. ఆగాయంటే పూర్తిగా ఆగలేదు. పొద్దున పదో ఇటుక నిండా, సాయంత్రానికి సగం ఇటుక దిగువకి. మర్నాడు పొద్దున మళ్లీ పదో ఇటుక నిండా.

మోటారు లేదు. వేసేవాళ్లు లేరు. అయినా పగలు దిగుతోంది, రాత్రి ఎక్కుతోంది.

ఆరో రోజు ఆవిడ అన్నం డబ్బా తెచ్చుకుని సెల్లార్ ఆఖరి మెట్టు మీద కూర్చుంది. నీటివైపు చూస్తూ ఒక పూటంతా కూర్చున్న మనిషిని అంతకుముందు ఆ ఆఫీసు చూడలేదు. తొమ్మిదింటిదాకా కదలిక లేదు. పదిన్నరకి నీటిపైన ఇటుక మీద దారమంత తడి గీత కనిపించింది. నీళ్లు వదిలి వెళ్లిన తడి. ఒంటిగంటకి అది వేలెడు మందమైంది. మూడింటికి రెండు వేళ్లు. అయిదు దాటాక ఇంక దిగలేదు.

వాచ్‌మన్ డ్యూటీకి రాగానే ఆవిడ లేచి నిలబడింది.

"అన్నా, నాలుగేళ్లుగా నిన్ను సోమరివన్నాను. తప్పయింది. నీళ్లు ఎక్కడంలో నీ తప్పేం లేదు."

ఆయన మీసం సవరించుకున్నాడు. "అంటే, దిగడంలో నీ గొప్పా ఏం లేదన్నమాటేగా" అన్నాడు.

ఈ మాట చెప్పినప్పుడల్లా ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతుంది. అప్పటికి మాత్రం నవ్వు రాలేదట. ఉక్రోషం వచ్చిందట. తన చేతి చలవ అనుకున్నది ఇంకెవరిదో అని తేలాక, ఆ ఇంకెవరో తేల్చుకోకపోతే నిద్రపట్టదు కదా.

పగటిపూట ఎవరో నీళ్లు లాగేస్తున్నారని దర్జీ తేల్చాడు. ప్రహరీకి ఆనుకుని ఒక లాండ్రీ ఉంది. వాళ్లకి బోరు ఉంది. ఆవిడ నాలుగు రోజులు లాండ్రీ వెనక సందులో తచ్చాడింది. పాపం లాండ్రీ యజమాని ఆవిడ బట్టలు తారుమారై అడగడానికి వచ్చిందనుకుని రెండుసార్లు రసీదు అడిగాడు. ఆదివారం లాండ్రీకి సెలవు. ఆదివారం కూడా నీళ్లు దిగాయి. ఆ మరుసటి వారం మూడు రోజులు మబ్బు పట్టింది, చినుకు మాత్రం పడలేదు. లాండ్రీ నడుస్తూనే ఉంది. నీళ్లు దిగలేదు. లాండ్రీ నిర్దోషి అని ఆవిడ తనలో తాను తీర్పు చెప్పుకుంది. సెల్లార్‌లోకి ఎండ రాదు, మబ్బూ రాదు. మరి ఎండకీ గుంటలో నీళ్లకీ ఏమిటి చుట్టరికం? అది తెగలేదు.

తెగింది ఆ తర్వాతి ఏడు, అదీ పెద్ద నష్టంతో. జామాయిల్ ఆకులు గొట్టాలకి అడ్డం పడి డాబా కారుతోందని ఆఫీసు వాళ్లు ఏడు చెట్లకీ తలలు కొట్టించారు. కొమ్మ, రెమ్మ లేకుండా. ఏడు గుంజలు మిగిలాయి. దాన్ని ఆవిడ ఇప్పటికీ గుండు కొట్టిన సంవత్సరం అంటుంది. ఆ వారం నుంచే ఎర్ర గీత, తెల్ల గీత ఒకదాని మీద ఒకటి పడటం మొదలైంది. పగలు దిగడం మానేసింది. ఆవిడ రెండు గంటలు, వాచ్‌మన్ రెండు గంటలు మోటారు వేసినా నీళ్లు పదకొండో ఇటుక మీదే. ఒక సెలవు రోజు కరెంటు పోయింది. తిరిగొచ్చేసరికి గచ్చు మీద చీలమండ లోతు.

రెండువందల పైచిలుకు పుస్తకాలు తడిశాయి. ఆఫీసు వాళ్లు ఎక్కడో పైపు పగిలిందని గచ్చు మూడు చోట్ల తవ్వారు. తడి ఇసక దొరికింది, ఎవరిదో పాత చెప్పు ఒకటి దొరికింది, పగిలిన పైపు దొరకలేదు. ఆవిడ నెలరోజులు పై అంతస్తులో ఫ్యాన్ల కింద పుస్తకాలు పరిచి, కాగితానికి కాగితం విడదీసి, మధ్యలో న్యూస్‌పేపర్ ముక్కలు పెట్టి ఆరబెట్టింది. అరవై బతికాయి. మిగతావి ముద్దలయ్యాయి. ఆ సంగతి వచ్చినప్పుడు మాత్రం ఆవిడ నవ్వదు. చదవడం అప్పటికి కూడబలుక్కుంటూ వచ్చేది, ఆ ముద్దల్లో ఏముందో తెలియకుండానే పోయిందని బాధ.

నాలుగు నెలలకి గుంజలకి చిగుళ్లు వచ్చాయి. ఆరో నెలకి గుబురెక్కాయి. ఒక సాయంత్రం తెల్ల సుద్ద పట్టుకుని వంగితే, గీత ఎర్రదానికి వేలెడు కిందికి పడింది. వారం తిరిగేసరికి రెండు వేళ్లు. ఆవిడ సుద్ద కొంగున ముడేసుకుని, మెట్లెక్కి, పెరట్లోకి వెళ్లి తలెత్తి చూసింది.

"మీరా" అందట, ఏడింటినీ ఉద్దేశించి.

అనుమానం తీరడానికి లైబ్రేరియన్ మేడమ్ దగ్గరికి వెళ్లింది. మేడమ్ పిల్లల విభాగంలోంచి చెట్ల మీద బొమ్మల పుస్తకం తీసిచ్చింది. మధ్యాహ్నం పూట వేలు పెట్టుకుని, అడ్డుపడిన చోట మేడమ్‌ని అడుగుతూ, పది రోజుల్లో పూర్తి చేసింది. ఆకు అడుగున కంటికి కనపడని నోళ్లుంటాయి. వెలుతురుకి తెరుచుకుంటాయి, చీకటి పడితే మూసుకుంటాయి. వేళ్లు తాగిన నీళ్లలో చెట్టు ఒంటికి పట్టేది చాలా కొంచెం. నూరు గ్లాసులు తాగితే ఒకటో రెండో ఉంచుకుంటుంది, మిగతాదంతా ఆకుల్లోంచి ఆవిరిగా గాలికి వదిలేస్తుంది. పెద్ద చెట్టు ఎండ రోజున డ్రమ్ముల లెక్కన తాగుతుంది. పుస్తకం చివర పిల్లలు చేసి చూడమని ఒక పని ఉంది. ఆకులున్న రెమ్మకి ఖాళీ ప్లాస్టిక్ కవరు తొడిగి మూతి బిగించి కట్టాలి. ఆవిడ నిచ్చెనేసుకుని కట్టింది. మధ్యాహ్నానికి కవరు లోపల చెమట పట్టింది. సాయంత్రానికి అడుగున నీళ్లు చేరాయి, టీ గ్లాసులో పావు వంతు. గుప్పెడు ఆకులకి పావు గ్లాసు. ఆవిడ తలెత్తి మిగతా ఆకులకేసి చూసింది. లెక్కపెట్టడం ఆ పూటకే మానేసింది.

ఇదంతా అయ్యాక రెండేళ్లకి కొత్త ఇంజనీరు వచ్చాడు. పని తెలిసినవాడు, బూట్లకి మట్టి అంటుతుందని భయపడేవాడు కాదు. సెల్లార్ చెమ్మ చూశాడు, పెరట్లో చెట్లు చూశాడు, కాగితం రాశాడు. జామాయిల్ నీళ్లు తెగ లాగే చెట్టు, దాని వేళ్లే నేలలోని నీటిని భవనం వైపు లాక్కొస్తున్నాయి, ఏడింటినీ మొదలంటా కొట్టి వేళ్లు పెకలించాలి. సంతకాలయ్యాయి. వారం రోజుల్లో రమ్మని రంపాలవాళ్లకి కబురు వెళ్లింది.

ఆ కాగితాన్ని మేడమ్ చదివి వినిపించినప్పుడు ఆవిడ ఇంకోసారి చదవమంది. గుండు కొడితేనే చీలమండ లోతు వచ్చింది. మొదలంటా కొడితే చిగుళ్లొచ్చేది ఉండదు. బీరువాల్లో ఉన్న పుస్తకాలన్నిటికీ తడిసి ముద్దయ్యే రాత అప్పుడే రాసేసినట్టు కనిపించిందట. ఆ సాయంత్రం ఇంట్లో దర్జీ గుంట క్షేమం అడిగితే, చెట్లు కొట్టేస్తారట అంది. ఆయన మొదటిసారిగా మిషను ఆపాడు. సంగతి విని, రేపు పొద్దున్నే ఆ ఇంజనీరుతో మాట్లాడమన్నాడు. వింటాడో వినడో, మాట్లాడకపోతే మాత్రం వినే అవకాశమే లేదన్నాడు.

పొద్దున ఇంజనీరు సెల్లార్‌లోకి దిగినప్పుడు ఆవిడ దారికడ్డంగా నిలబడింది.

"సార్, చెట్లు నీళ్లు తీసుకురావడం లేదు. ఉన్నవి తాగుతున్నాయి. పగలు తాగుతాయి, రాత్రి తాగవు."

"తాగాలంటే లాక్కురావాలి కదమ్మా" అన్నాడాయన, చిరాకు లేకుండానే.

"లాక్కొస్తే పగలు పెరగాలి సార్. తాగేది పగలే కదా. పగలు తగ్గుతున్నాయే?"

ఆయన ఆవిడవైపు తిరిగాడు. తగ్గుతున్నాయని ఎవరు చెప్పారని అడిగాడు. ఆవిడ సుద్ద గీతలు చూపించడానికి గుంట వైపు తిరిగింది. గుంట గోడ తెల్లగా మెరుస్తోంది. కొత్త ఇంజనీరు వస్తున్నాడని ముందు వారమే సెల్లారంతా సున్నం కొట్టించారు. గుంట లోపలి గోడలతో సహా. ఎనిమిదేళ్ల గీతలు సున్నం కింద ఉన్నాయి. మిగిలినవి ఆ వారపువి, పన్నెండు గీతలు, అందులో తెల్లవి సున్నం మీద ఆనీ ఆనకుండా.

పన్నెండు గీతల మీద కాగితం వెనక్కి తీసుకోలేమని ఇంజనీరు మర్యాదగానే చెప్పి మెట్లెక్కడం మొదలుపెట్టాడు. అప్పుడే డ్యూటీ దిగి ఇంటికి వెళ్లబోతున్న వాచ్‌మన్ అక్కడున్నాడు. ఆయన గొంతు సవరించుకుని, ఒక్క నిమిషం ఆగమని చెప్పి, పైకెళ్లి తన ట్రంకు పెట్టెలోంచి అట్ట ఊడిన మూడు నోటుపుస్తకాలు తెచ్చాడు. రోజుకో వరస. ఎర్ర గీత ఎన్నో ఇటుక, తెల్ల గీత ఎన్నో ఇటుక, మబ్బా ఎండా, కరెంటు ఉందా లేదా. ఎనిమిదేళ్లది.

మోటారమ్మ ఒక పుస్తకం అందుకుని పేజీ తిప్పింది. "ఇదెప్పుడు రాశావన్నా?"

"నీ మీద ఫిర్యాదు పెడదామని రాశానమ్మా. నాలుగేళ్లు దానికే రాశాను. తర్వాత నీ మీద కోపం పోయింది, అలవాటు పోలేదు."

ఇంజనీరు మెట్టు మీదే కూర్చుని పేజీలు తిప్పాడు. గుండు కొట్టిన సంవత్సరం దగ్గర చాలాసేపు ఆగాడు. అక్కడ రెండు అంకెలూ వరసగా ఒకటే. ఆ ముందూ వెనకా అన్ని పేజీల్లో తేడా. మబ్బు అని రాసిన చోటల్లా తేడా తగ్గిపోయింది. ఆయన పుస్తకం మూసి, ఇది ఎవరైనా రాయొచ్చు, కానీ ఇంత విసుగు పుట్టించే అబద్ధం ఎవరూ ఎనిమిదేళ్లు రాయరు అన్నాడు. నేనే స్వయంగా కొలుస్తాను, అయిదు రోజులు, మోటారు వేయొద్దు, సెల్లార్ తాళం నా దగ్గరుంటుంది అన్నాడు. గుంటలో స్టీలు స్కేలు బిగించి తాళం వేసుకుపోయాడు. ఆ అయిదు రోజుల్లో తేలకపోతే ఆరో రోజు రంపాలు.

మొదటి రోజు ఆరు సెంటీమీటర్లు దిగింది. రెండో రోజు దిగినది దాదాపు అంతే. మూడో రోజు పొద్దున ఇంజనీరు తాళం తీస్తుంటే ఆవిడ పక్కనే ఉంది.

"ఇవాళ దిగవు సార్. దిగినా గోరంత."

"ఎలా చెబుతున్నావమ్మా? లోపలికి కూడా రాలేదు నువ్వు."

"లోపలికెందుకు సార్? పైకి చూశాను. మబ్బు పట్టింది."

ఆయన నవ్వి లోపలికి వెళ్లాడు. సాయంత్రం స్కేలు దగ్గర వంగి చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. అర సెంటీమీటరు. నవ్వలేదు. నాలుగో రోజు ఎండ కాసింది. ఆరున్నర దిగింది. ఆ రోజే పెరట్లో గోడ పక్కన ఒక గొయ్యి తవ్వించి చూశాడు. వేళ్లు గోడలోకి పోలేదు. గోడ దగ్గరికి వచ్చి కిందికి మళ్లాయి. అయిదో రోజు పొద్దున ఇంజనీరే వచ్చి, ఇవాళ ఎలా ఉంటుందని ఆవిణ్నే అడిగాడు. ఎండకి తోడు గాలి పొడిగా ఉంది, ఇంకాస్త ఎక్కువే తాగుతాయి అంది ఆవిడ. ఏడు సెంటీమీటర్లు దిగింది.

ఆ సాయంత్రం చదువుకునే హాల్లో లైబ్రరీ కమిటీ కూర్చుంది. మాలాంటి పేపరు రాయుళ్లం కూడా వెనక బల్లల మీద సర్దుకున్నాం. ఆవిడ ముందురోజే కట్టి ఉంచిన ప్లాస్టిక్ కవర్లు మూడు, నీళ్లతో సహా, మేడమ్ బల్ల మీద పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు, అందరూ వాటినే చూశారు. ఇంజనీరు లేచి, తన కాగితం తప్పని చెప్పాడు. తప్పు అనే మాటే వాడాడు, మెత్తగా చుట్టి చెప్పలేదు. ఎండ రోజున ఈ చెట్లు ఒక్కొక్కటీ పెద్ద డ్రమ్ముడు నీళ్లు తాగుతున్నాయని తన అంచనా. ఏడు చెట్లు, ఏడు డ్రమ్ములు. కరెంటు అక్కర్లేదు, వైండింగ్ కాలదు, నోట్లో చెంబుతో నీళ్లు పోయక్కర్లేదు. పల్లంలో కట్టిన భవనానికి ఇంతకన్నా నమ్మకమైన మోటారు తాను తెచ్చిపెట్టలేనన్నాడు. ఈ సంగతి ఈ భవనంలో రెండేళ్లుగా ఒకరికి తెలుసు, అడగాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు అని కూర్చున్నాడు.

కమిటీ పెద్దాయన ఆవిణ్ని ముందుకు రమ్మన్నాడు. ఏమైనా చెబుతావా అని అడిగాడు. ఆవిడకి సభలో మాట్లాడిన అలవాటు లేదు.

"ఆకులు గొట్టాలకి అడ్డం పడతాయన్నది నిజమేనండీ. నెలకోసారి నేను డాబా ఎక్కి తీస్తాను. చెట్ల జోలికి మాత్రం పోకండి" అంది.

వెనక బల్లల మీద నుంచి ముందు వాచ్‌మన్ చప్పట్లు కొట్టాడు. తర్వాత మేమందరం. దర్జీ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, మెడలో టేపు అలాగే వేలాడుతోంది. ఆయన చప్పట్లు కొట్టలేదు, రెండు చేతులతో ఆ టేపు కొసలు పట్టుకుని నిలబడిపోయాడు.

మర్నాడు రంపాలవాళ్లు తాళ్లు భుజాన వేసుకుని వచ్చారు. వాళ్లకి కబురందలేదు. పనేమీ లేదంటే వాళ్ల ముఖాలు చిన్నబోయాయి. ఆవిడే వాళ్లని పెరట్లోకి తీసుకెళ్లి, డాబా మీదికి వాలిన ఎండుకొమ్మలు రెండు చూపించి అవి కోయించింది. పచ్చి రెమ్మ ఒక్కటి తెగినా ఊరుకోనని కింద నిలబడి చూసింది. ఆ మధ్యాహ్నం నుంచి మేమంతా కలిసి, గుండు కొట్టిన సంవత్సరం తడవకుండా పై అంతస్తుకి ఎక్కించి అక్కడే కట్టలు కట్టి పడేసిన పుస్తకాలన్నీ సెల్లార్‌లోకి దించాం. మెట్టుకో మనిషి నిలబడి చేతికి చేతికి అందించుకున్నాం. కమిటీ పెద్దాయన కూడా ఏడో మెట్టు మీద నిలబడ్డాడు. ఎనభై బీరువాల్లో కింది అరలు అన్నేళ్ల తర్వాత నిండాయి.

వానల ముందు ఇంజనీరు మళ్లీ వచ్చాడు, ఈసారి మూడు జామాయిల్ మొక్కలతో. ఉత్తరం వైపు గోడకి ఇంకా చెమ్మ తగ్గలేదు, అటు చెట్లు లేవు. తవ్వేవాళ్లు గడ్డపారలు పట్టుకుని నిలబడ్డారు. గోడకి ఎంత దూరంలో పెట్టాలని వాళ్లు ఇంజనీరుని అడిగారు. ఇంజనీరు చేతిలో కొలిచే టేపు ఉంది. ఆయన దాన్ని తెరవలేదు, పక్కకి తిరిగి ఆవిడకేసి చూశాడు. ఆవిడ గోడకి వీపు ఆనించి, అడుగులో అడుగు వేస్తూ, పెదవులు కదుపుకుంటూ నడిచి వెళ్లి, ఒక చోట ఆగి, మడమతో నేల నొక్కి గుర్తు చేసింది.

"ఇక్కడ" అంది.

అక్కడే తవ్వారు.